చక్రధర్ చేసిన చేతి కంప్యూటర్

చక్రధర్‌కి పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. కాబట్టి షాకులు కొత్త కాదు. కానీ ఆ ఆదివారం పొద్దున తగిలిన షాక్‌కి మాత్రం నోట్లో పెట్టుకున్న ఉప్మా అటు లోపలికీ పోలేదు, ఇటు బయటికీ రాలేదు.

"ఏమండీ, ఆ ఫర్నేస్ రూమ్ ఖాళీ చేసెయ్యండి," అంది విశాలాక్షి, పచ్చడి వడ్డిస్తూ. పచ్చడి వేసినంత తేలిగ్గా అంది.

అది రెండువేల ఇరవై రెండు, ఆగస్టు నెల. ఆ ఏడాది టొరంటోలో ఏ విమానం దిగినా అందులోంచి సగంమంది తెలుగు పిల్లలే దిగుతున్నట్టుండేది. వాళ్ళలో కొందరు నాలుగు గంటలు బస్సులో కూర్చుని, చక్రధర్ వాళ్ళుండే విండ్సర్ చేరేవాళ్ళు. చేరిన ప్రతివాళ్ళ దగ్గరా విశాలాక్షి నంబరు ఉండేది. ఫోన్ ఎత్తితే చాలు, "నమస్తే ఆంటీ, బేస్‌మెంట్ ఖాళీ ఉందా?" అని వినబడేది.

విశాలాక్షికి లేదనడం చేతకాదు. కాలేజీల్లో కొత్తవాళ్ళని చేర్చుకునే జనవరి ఇంటేక్‌లో చక్రధర్ టీవీ గది పోయింది. మే ఇంటేక్‌లో ట్రెడ్‌మిల్ గది పోయింది. దాని మీద ఆయన ఏనాడూ నడవలేదు గానీ, తువ్వాళ్ళు చక్కగా ఆరేవి. ఇప్పుడు బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలు ఉన్నారు. ఇంట్లో చక్రధర్‌కి మిగిలింది ఒక్క ఫర్నేస్ రూమే. అందులో ఒక పక్క ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్, ఇంకో పక్క గీజర్, ఆ రెండిటి మధ్య ఒక బల్ల, బల్ల ముందు చక్రధర్. కాళ్ళు చాపుకోవడానికి కూడా వీల్లేని ఆ చోటంటే ఆయనకి ప్రాణం.

"ఆ గదిలో మనిషి ఎలా ఉంటాడే?" అన్నాడు ఉప్మా మింగి.

"మీరు ఉంటున్నారుగా!"

"నేను వేరు. నాకక్కడ పనుంటుంది."

"ఏం పని? పదకొండు కీబోర్డులు, బస్తాడు వైర్లు. మూడేళ్ళనుంచి చూస్తున్నాను. ఆ గదిలోకి వస్తువులు వెళ్ళడమే గానీ, పనికొచ్చే వస్తువు ఒక్కటి బయటికి రాలేదు. పిల్లలకి కావాలి. ఇచ్చేస్తాను."

చక్రధర్ చెంచా పక్కన పెట్టాడు. ఇల్లు తన పేరునే ఉంది. కానీ ఆ ఇంట్లో తలుపేసుకుని ఒంటరిగా కూర్చునే హక్కు చేజారిపోతోంది. అప్పుడు, మునిగిపోతున్న మనిషికి గడ్డిపోచ దొరికినట్టు, ఆయన నోటికి ఒక మాట వచ్చింది.

"నేనక్కడ బీబీసీ మైక్రో తయారుచేస్తున్నాను."

"వార్తలవాళ్ళదా?"

కాదని చక్రధర్ కథ చెప్పాడు. కాకినాడలో తొమ్మిదో క్లాసు చదువుతుండగా వాళ్ళ స్కూలుకి ఒకే ఒక్క కంప్యూటర్ వచ్చింది. టీవీకి తగిలించుకునే రకం, ఇళ్ళలో వాడుకోవడానికి ఇంగ్లండులో చేసినది. దానికి విడిగా గది, గదికి ఏసీ, గుమ్మం బయట చెప్పులు విడవాలి. నలభైమంది పిల్లలకి వారానికి ఒక గంట. అంటే మనిషికి నిమిషమున్నర. చక్రధర్ వంతు వచ్చేసరికి సరిగ్గా కరెంటు పోయేది. ఏడాది మొత్తం మీద అతను దాని మీద కొట్టగలిగింది ఇంగ్లీషులో తన పేరులోని మొదటి నాలుగక్షరాలు.

ఈ కథ మాత్రం నిజమే. యాభై ఏళ్ళ మనిషికి ఆ కరెంటు కోత ఇంకా మరుపు రాలేదు.

"ఆ కంప్యూటర్ని అరచేతిలో పట్టేలా చేస్తున్నాను. చిన్న బోర్డు, చిన్న తెర. లోపలున్నది కొత్తదే, కానీ అచ్చం ఆ పాతదానిలా నటిస్తుంది. దాన్ని ఎమ్యులేటర్ అంటారు."

"మీ ఫోన్ చేయలేని పని అదేం చేస్తుంది?"

"ఏమీ చేయదు. అదే దాని గొప్పతనం!"

విశాలాక్షి గోడమీది క్యాలెండర్ వైపు చూసింది. "సరే, నాలుగు వారాలు టైం. నాలుగో శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు మీరు చేసిన వస్తువు చూపించండి, అది పనిచేయాలి. పనిచేస్తే గది మీది. లేకపోతే పిల్లలది."

"ఒప్పందం!" అన్నాడు చక్రధర్. అన్నాక గుర్తొచ్చింది, తను ఇంకా స్క్రూడ్రైవర్ కూడా కొనలేదని.

చక్రధర్ ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. పదవి సీనియర్ ఆర్కిటెక్ట్. ఇరవై రెండేళ్ళలో ఆఫీసు కీబోర్డు మీద కాఫీ ఒలికితే రిపేరువాళ్ళకి టికెట్ వేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడే గానీ, హార్డ్‌వేర్ అనేదాన్ని వేలితో ముట్టుకోలేదు. అయినా పౌరుషం కొద్దీ బోర్డూ తెరా తెప్పించాడు. బయటి పెట్టెకి ఏదీ దొరక్క ఇంట్లో ఉన్న సబ్బుపెట్టెకి కన్నాలు పెట్టాడు. యూట్యూబ్ చూస్తూ సోల్డరింగ్ ఐరన్‌తో వైర్లు అతికాడు, కాసేపు వైర్లని, కాసేపు వేళ్ళని.

రెండో వారానికి సబ్బుపెట్టె ఒక రూపానికొచ్చింది. పక్కన స్విచ్ కూడా బిగించాడు. ఊపిరి బిగపట్టి స్విచ్ పైకి నెట్టాడు. తెర నల్లగా ఉంది. నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. నిట్టూర్చి స్విచ్ కిందికి దించి, పెట్టెని బల్ల మీద బోర్లా తిప్పి, వెనక స్క్రూలు విప్పి, అతికిన వైర్లు పీకి మళ్ళీ అతికాడు. మళ్ళీ స్విచ్ పైకి. మళ్ళీ నలుపు. మళ్ళీ కిందికి, మళ్ళీ బోర్లా, మళ్ళీ స్క్రూలు. పది సాయంత్రాలు ఇదే వరస.

ఓ సాయంత్రం విశాలాక్షి కాఫీ తెచ్చి, బల్ల వైపు చూసి, "ఏమండీ, ఒకసారి అటు..." అంది.

"పని మధ్యలో మాట్లాడకు విశాలా! ఇది ఇడ్లీపిండి కాదు, ఇన్‌స్ట్రుమెంటు!"

విశాలాక్షి కాఫీ అక్కడ పెట్టి పైకెళ్ళిపోయింది.

ఇంకోరోజు బేస్‌మెంట్ అమ్మాయిల్లో ఒకతె, ఫేబీ, తలుపు దగ్గర ఆగింది. నరసాపురం పిల్ల. యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. నెమ్మదస్తురాలు. అద్దె ఇచ్చేటప్పుడు కూడా "దేవుడు మిమ్మల్ని దీవించాలి అంకుల్" అని ఇస్తుంది.

"అంకుల్, ఏమన్నా హెల్ప్ చేయమంటారా?"

నిన్నకాక మొన్న వచ్చిన పిల్ల, సీనియర్ ఆర్కిటెక్ట్‌కి హెల్ప్! చక్రధర్ పెద్దమనిషిలా నవ్వాడు. "ఇది మీ సిలబస్‌లో ఉండదులేమ్మా."

"సరే అంకుల్," అని వెళ్ళిపోయింది ఫేబీ. ఆ పిల్లలుండే వైపునుంచి ఏదో మాడిన వాసన వస్తోంది. పోపు మాడ్చుకున్నట్టున్నారు అనుకుని చక్రధర్ జాలిపడ్డాడు.

గడువు ఇంకో వారముందనగా సబ్బుపెట్టెని విసురుగా గీజర్ వెనక్కి గిరాటు పెట్టాడు. అప్పుడే ఆయన బుర్రలో ఒక పథకం మెరిసింది.

కొనేస్తే?

ఆన్‌లైన్‌లో వెతికితే దొరకనిది ఏముంది! నార్త్ స్టార్ రెట్రో అని ఒక దుకాణం. బీబీసీ మైక్రో, అరచేతి సైజు, చేత్తో చేసినది. ఫొటో చూస్తే చక్రధర్‌కి కళ్ళు చెమర్చాయి. ఆర్డర్ పెట్టేశాడు. ట్రాకింగ్ చూస్తూ కూర్చున్నాడు. పార్సిల్ విండ్సర్‌లోనే ఎక్కడో బయల్దేరింది, టొరంటో పక్కనున్న మిస్సిసాగా వెళ్ళింది, అక్కడ ఒకరోజు విశ్రాంతి తీసుకుంది, మళ్ళీ విండ్సర్ వచ్చింది. బుధవారం గుమ్మంలో పడింది. విశాలాక్షి కంటపడకుండా దాన్ని చొక్కాలోపల దోపుకుని గదిలోకి పరిగెత్తాడు.

నిజంగా బంగారంలాంటి వస్తువు. మీట నొక్కగానే కుయ్‌మంది. చిన్నప్పుడు స్కూలు కంప్యూటర్ పెట్టే ఆ కూత విని చక్రధర్ నోరు వెళ్ళబెట్టాడు. మిగతా ఆరక్షరాలతో సహా తన పేరు పూర్తిగా కొట్టుకుని, తనివితీరా చూసుకుని, వెనకున్న దుకాణం స్టిక్కర్ని గోరుతో గీకేశాడు. మూత విప్పి చూద్దామనుకున్నాడు గానీ, తను విప్పినవి మళ్ళీ పనిచేసిన చరిత్ర లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

గురువారం పొద్దున్నే భార్య చేతిలో పెట్టాడు. "చూడు. పనిచేస్తోంది."

"సబ్బుపెట్టె ఏదీ?"

"బాడీ మార్చాను."

విశాలాక్షి కసురుతుందేమో, సవాలక్ష ప్రశ్నలు వేస్తుందేమో అని సిద్ధంగా ఉన్నాడు. కానీ విశాలాక్షి మురిసిపోయింది! "అబ్బ, ఎంత బావుందండీ! మీలో ఇంత విద్య ఉందని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను!" అంది.

చక్రధర్‌కి భయం వేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఆ గొంతు ఆయన విననిది.

"ఇలాంటిది మన ఇద్దరిమధ్యే ఉంచుకోకూడదు. శనివారం నలుగురికీ చూపిద్దాం," అని ఫోన్ తీసింది. అవతల ఎత్తింది వాట్సాప్ జనార్ధనరావు.

ఈ జనార్ధనరావు గారు ఊరి తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆయన చెవిలో పడ్డ మాట పదకొండు గ్రూపుల్లో పడుతుంది, పడేటప్పుడు కాస్త పెరుగుతుంది. విశాలాక్షి ఆయనకి చెప్పింది, "మావారు ఒక వస్తువు చేశారు, శనివారం వచ్చి చూడండి" అని. సాయంత్రానికి చక్రధర్ ఫోన్‌లోకి వచ్చిన మెసేజ్ ఇదీ: 'హార్డ్‌వేర్ నిపుణులు చక్రధర్ గారి ఉచిత శిక్షణ శిబిరం. సోల్డరింగ్ నేర్పబడును. రిఫరెన్స్ లెటర్ ఇవ్వబడును. భోజనం కలదు.'

చదువుతూనే చక్రధర్ వంటింట్లోకి పరిగెత్తాడు.

"విశాలా! ఇదేమిటే! శిక్షణేమిటి!"

"పోనిద్దురూ. నలుగురో ఐదుగురో వస్తారు."

శనివారం పది గంటలకి బెల్లు మోగింది. చక్రధర్ తలుపు తీశాడు. గుమ్మంనుంచి డ్రైవ్‌వే చివరిదాకా, అక్కడినుంచి పక్కింటివాళ్ళ గడ్డిదాకా పిల్లలు. అందరి చేతుల్లోనూ రెజ్యూమేలు. చక్రధర్ తలుపు మళ్ళీ వేయబోయాడు. అప్పటికే ఆరుగురు లోపలికొచ్చి చెప్పులు విడుస్తున్నారు.

హాలు నిండింది, మెట్లు నిండాయి, వంటింటి గట్టు మీద ఇద్దరెక్కి కూర్చున్నారు. పాతికేళ్ళలోపు మొహాలన్నీ ఆశగా తనవైపే చూస్తున్నాయి. వీళ్ళకి కావలసింది సోల్డరింగ్ కాదు, ఉద్యోగాలకి చూపించుకోవడానికి ఎవరో ఒకరి సంతకం ఉన్న ఒక కాగితం. చక్రధర్ అబద్ధం చెప్పేటప్పుడు భార్య ఒక్కతే వింటుందనుకున్నాడు, ఇంతమంది ఆకలిమీద చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

"నమస్తే సర్," అన్నాడు ముందు వరసలో కుర్రాడు, నోట్‌బుక్ తెరిచి. "సోల్డరింగ్ ఐరన్ ఏ టెంపరేచర్‌లో పెట్టాలి సర్?"

"మీడియం ఫ్లేమ్," అన్నాడు చక్రధర్.

నలభైమంది రాసుకున్నారు.

"పొంగుతుంటే సిమ్‌లో పెట్టుకోవాలి," అని కూడా అన్నాడు.

అదీ రాసుకున్నారు. హాలు చివర గోడకానుకుని నిలబడ్డ ఫేబీ మాత్రం రాసుకోలేదు. తలవంచుకుని చున్నీతో నోరు మూసుకుంది.

జనార్ధనరావు ఫోన్ పైకెత్తి, బల్ల మీద వెలుగుతున్న చేతి కంప్యూటర్ని చూపిస్తూ లైవ్ మొదలుపెట్టాడు. "ప్రేక్షక మహాశయులారా! గురువుగారూ, పైన చూశాం. ఇప్పుడు లోపలి పనితనం చూపించండి. మూత విప్పండి!"

"మూత... అది విప్పేది కాదండీ. సీలు వేశాను."

"ఇదిగోండి స్క్రూడ్రైవర్," అంది విశాలాక్షి పక్కనుంచి. అది ఆవిడ చేతిలో ఎప్పటినుంచి ఉందో మరి.

చక్రధర్ నాలుగు స్క్రూలూ విప్పాడు. మూత ఊడొచ్చింది. జనార్ధనరావు ఫోన్ దగ్గరగా జరిపాడు. మూత లోపలివైపు నీలం ఇంకుతో చిన్న సిలువ గుర్తు, దాని కింద ముత్యాల్లాంటి తెలుగక్షరాలు: ప్రభువు ఇచ్చిన బహుమానం. ఆ కింద: నంబరు పద్నాలుగు.

చక్రధర్ కళ్ళు రెప్ప వేయడం మానేశాయి.

"ఏమండీ!" అంది విశాలాక్షి, గుండెమీద చెయ్యేసుకుని. "బాప్తిస్మం ఎప్పుడు పుచ్చుకున్నారు? పోయిన శుక్రవారం కూడా నాచేత సత్యనారాయణ వ్రతం సామాన్ల జాబితా రాయించారే!"

"అది... నాకు మొదట్నుంచీ అన్ని మతాలూ..."

"చాలా సంతోషం. మంచి మాటే రాశారు. మరి పద్నాలుగో నంబరేమిటి? మిగతా పదమూడూ ఎక్కడ దాచారు?"

చక్రధర్ గబగబా మూత మళ్ళీ బిగించబోయాడు.

"సారీ అంకుల్," అంది ఫేబీ ముందుకొచ్చి. పాపం ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. "అది నేను రాశాను. నేను చేసిన ప్రతిదానిలో రాస్తాను. మా నాన్న ఆటో వెనకాల కూడా అదే రాసుంటుంది. స్టిక్కర్ మీరు తీసేస్తారని తెలీదు కదా అంకుల్, తెలిసుంటే లోపలిది కూడా తుడిచేదాన్ని."

"నువ్వా! నార్త్ స్టార్ రెట్రో... నువ్వా?"

"అవునంకుల్. ఇస్త్రీ బల్ల మీద చేస్తాను. కొంచెం పొగొస్తుంది. మీ ఆర్డర్ రాగానే అడ్రస్ చూసి షాకయ్యాను. పైకొచ్చి ఆంటీకి చెప్పి, చేతికిచ్చేయనా అనడిగాను. ఆంటీనే పోస్టులో పంపమన్నారు."

పదకొండు మెట్లెక్కితే వచ్చేసే వస్తువు మిస్సిసాగా చూసొచ్చింది. చక్రధర్ మెల్లగా భార్య వైపు తిరిగాడు. విశాలాక్షి పైటచెంగు సర్దుకుంటోంది.

"నీకు... ముందే తెలుసా?"

"కొన్నవాడు కొన్నానని చెబుతాడేమోనని గురువారందాకా చూశాను," అంది విశాలాక్షి. "గది అడిగింది కూడా ఈ పిల్ల కోసమే. పడుకోవడానికి కాదు, పనిచేసుకోవడానికి. ఎవరికని మీరు అడగనేలేదు."

ఇంతటితో అయిపోయిందనుకున్నాడు చక్రధర్. అవలేదు. ఫేబీ కిందికెళ్ళి, రెండు చేతులతో ఏదో పట్టుకుని వచ్చింది. గీజర్ వెనక్కి ఆయన విసిరేసిన సబ్బుపెట్టె!

"అంకుల్, మీదాంట్లో నేనేమీ మార్చలేదు. నిజంగా. అతుకులు లావుగా ఉన్నాయి గానీ అన్నీ కరెక్టే," అంటూ స్విచ్‌ని కిందికి నొక్కింది. కిందికి!

తెర నల్లగానే ఉంది. అర నిమిషం గడిచింది. నీలంగా వెలిగింది. అచ్చం కాకినాడ తెర. కర్సరు టిక్కుటిక్కుమంటూ చక్రధర్ వైపే చూస్తోంది.

"మన ఊళ్ళలో స్విచ్ కిందికి నొక్కితే కదా అంకుల్ ఆన్. ఇక్కడ పైకి నొక్కితే ఆన్. మీరు వైర్లేమో మన పద్ధతిలో కలిపారు, నొక్కడమేమో ఇక్కడి పద్ధతిలో నొక్కారు. ఆఫ్ చేశాననుకుని మీరు కిందికి దించినప్పుడల్లా అది ఆన్ అయ్యేది. లేవడానికి అర నిమిషం కావాలి దానికి. ఆలోపు మీరు బోర్లా తిప్పేసేవాళ్ళు."

"అదే నేనూ చెప్పబోయాను ఆరోజు," అంది విశాలాక్షి. "బల్ల మీద కిందనుంచి నీలం వెలుగు కనబడుతుంటే. ఇడ్లీపిండి కాదు, ఇన్‌స్ట్రుమెంటు అన్నారు. నాకెందుకని ఊరుకున్నాను."

చక్రధర్ సబ్బుపెట్టెని చేతిలోకి తీసుకున్నాడు. పది సాయంత్రాలు తన ముందే అది వెలిగిందన్నమాట, బల్లకి మొహం పెట్టుకుని. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో గడియారం కనబడింది. పదకొండూ ముప్పావు! ఆయనలో మళ్ళీ ప్రాణం లేచొచ్చింది.

"ఆగు! నేను చేసింది పనిచేసింది! పన్నెండు ఇంకా కాలేదు. ఒప్పందం ప్రకారం గది నాది!"

"ఒప్పందం ఏమిటి? మీరు చేసిన వస్తువు మీరు చూపించాలి. ఇందాక ఇంతమంది ముందు నేను చేశానని మీరు చూపించిందేది? పద్నాలుగో నంబరు. సబ్బుపెట్టెని చూపించిందెవరు? ఫేబీ. జనార్ధనరావు గారూ, లైవ్‌లో ఉందాండీ ఇదంతా?"

"ఉందమ్మా. మూడొందల మంది చూశారు," అన్నాడు జనార్ధనరావు వినయంగా.

తర్వాత జరిగింది చూసి చక్రధర్‌కి ఇంకా షాకవడానికి ఓపిక మిగల్లేదు. పిల్లలంతా ఒక్కసారిగా ఫేబీ వైపు తిరిగారు. అక్కా అని ఒకరు, మేడమ్ అని ఒకరు. అందరూ ఆమె వెనకాలే బిలబిలమంటూ బేస్‌మెంట్ మెట్లు దిగిపోయారు. 'మీడియం ఫ్లేమ్' అని రాసుకున్న కాగితాలు మాత్రం హాల్లో మిగిలాయి. రిఫరెన్స్ లెటర్ల సంగతి విశాలాక్షి అప్పటికే తేల్చేసింది: పని నేర్పేది ఫేబీ, నేర్చుకున్నవాళ్ళకి సంఘం తరఫున సంతకం పెట్టేది జనార్ధనరావు, వంట సాయానికి చక్రధర్.

చక్రధర్ యాభైమందికి సరిపడా ఉల్లిపాయలు తరిగాడు. తరుగుతున్నంతసేపూ సబ్బుపెట్టె పక్కనే పెట్టుకున్నాడు. దాని వెలుగు చూస్తుంటే ఎక్కడో సంతోషంగానే ఉంది, ఉల్లిపాయల వల్ల పైకి తెలియలేదు.

భోజనాలయ్యాక మెల్లగా కిందికి దిగాడు. ఫర్నేస్ రూమ్‌లో పదకొండు కీబోర్డులూ అప్పుడే ఒక మూలకి సర్దేశారు. బల్ల ముందు ఫేబీ కూర్చుని ఉంది, ఎదురుగా ఒక కాగితాల కట్ట. గుమ్మం దగ్గర పిల్లలు వరసగా నిలబడి పేర్లు రాయించుకుంటున్నారు. చక్రధర్ కూడా వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా ఫేబీ, ఆ గీజర్ పక్కన కాస్త చోటిస్తే... నేనూ రోజూ సాయంత్రం వచ్చి ఏదన్నా పని..."

"అయ్యో, తప్పకుండా అంకుల్!" అంది ఫేబీ మనస్ఫూర్తిగా. ఇంకో కాగితం తీసి ఆయన పేరు రాసింది. వయసు రాసింది. తర్వాత ఈ దేశంలో దిగిన ప్రతివాడినీ, ఏ ఉద్యోగానికెళ్ళినా, అందరికంటే ముందు అడిగే ప్రశ్న అడిగింది. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు, కాగితంలో ఉన్నది చదివిందంతే.

"అంకుల్, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?"

ఇరవై రెండేళ్ళు మంచు తవ్విన చక్రధర్, ఇరవై రెండేళ్ళు పన్ను కట్టిన చక్రధర్, ఉందని చెప్పడానికి నోరు తెరిచాడు.

"లేదని రాసుకోమ్మా," అంది విశాలాక్షి మెట్ల మీదనుంచి. "స్విచ్ చూశావుగా."

ఫేబీ తలవంచుకుని, లేదని రాసుకుంది.